హైదరాబాద్ 2020: నగర పాలనలో ఏ తేదీన ఏం జరిగింది, ఏది నిజంగా ఎప్పుడు అమలైంది

వార్డు150
ఏడాది సమీక్షలు ఏవి చూసినా 2020 హైదరాబాద్‌ను కరోనా, వరద, ఎన్నిక అని మూడు ముక్కల్లో తేల్చేస్తున్నాయి. మధ్యలో ఇంటి పన్ను మారింది, ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆగాయి, ఇల్లు కట్టుకునే చట్టమే మారింది. ఇవన్నీ ఒకచోట పెడదామని ఈ చర్చ మొదలుపెడుతున్నా. ఒక్కటే నియమం: ప్రకటించిన తేదీ వేరు, జీవో వచ్చిన తేదీ వేరు, అమలైన తేదీ వేరు. కలిపేయొద్దు.

నా దగ్గరున్న వరుస ఇది. ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో ప్రారంభం, 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు. ఫిబ్రవరి 24 నుంచి మార్చి 4 దాకా పట్టణ ప్రగతి. మార్చి 2న రాష్ట్రంలో తొలి కరోనా కేసు, 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మే 21న బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్, మే 28న ఎల్బీనగర్ అండర్‌పాస్. జులై 7 తెల్లవారుజామున సచివాలయం కూల్చివేత మొదలు. ఆగస్టు 31న ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లు, ప్లాట్ల క్రమబద్ధీకరణ) జీవో 131. సెప్టెంబరు 25న దుర్గం చెరువు తీగల వంతెన. అక్టోబరు 13, 14 వరద. అక్టోబరు 29న ధరణి (భూముల రికార్డులు, రిజిస్ట్రేషన్ల పోర్టల్). నవంబరు 16న టీఎస్ బీపాస్ (ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులు). 17న ఎన్నికల నోటిఫికేషన్. డిసెంబరు 1 పోలింగ్, 4న లెక్కింపు.

ఎవరికి ఏ విషయం బాగా తెలుసో వాళ్లు దాని లోతుల్లోకి వెళ్లండి.

మూసీ_గట్టు
వరద సంగతి నేను రాస్తా. చాలామంది "నాలాలు పూడిపోయాయి" అని ఒక్క మాటతో సరిపెడతారు. అది సగమే.

ముందు వాన లెక్క. అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా పడమరకు సాగింది. బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరు నెలకు అంతకుముందు రికార్డు 1903 నాటి 11.7 సెంటీమీటర్లు. ఘట్‌కేసర్ మండలం సింగపూర్ టౌన్‌షిప్ దగ్గర 32.3 సెంటీమీటర్లు నమోదైంది. ఒక చదరపు కిలోమీటరులో ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. అప్పటి జీహెచ్ఎంసీ (నగర పాలక సంస్థ) 625 చదరపు కిలోమీటర్ల మీద సమానంగా 19 సెంటీమీటర్లు పడిందనుకుంటే 4 టీఎంసీల పైమాటే. హిమాయత్‌సాగర్ మొత్తం నిల్వ సామర్థ్యం సుమారు 3 టీఎంసీలు. అంటే ఒక జలాశయం నిండి పొర్లేంత నీరు ఒక్క రోజులో రోడ్ల మీదికి వచ్చింది. ఇంత నీటిని ఏ నగరపు నాలా కూడా మోయలేదు. అందుకే చెరువులు కావాలి.

ఇక రెండో సగం. దక్షిణాన ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే కింది చెరువులోకి నీరు దిగాలి, ఆఖరికి మూసీలో కలవాలి. పల్లెచెరువు కట్ట 13 రాత్రి తెగింది, అల్ జుబైల్ కాలనీ వైపు మునిగింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ గట్టి వాన పడి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది, హఫీజ్ బాబానగర్ వైపు నీళ్లొచ్చాయి. రెండు చోట్లా వరస ఒకటే: అలుగు దిగువన నీటి దారి మూసుకుపోయింది, నీరు కట్ట మీదుగా పొర్లింది, మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే వెనకవైపు మట్టి కోసుకుపోయి గండి పడుతుంది. మట్టికట్టకు అలుగే ప్రాణం. అలుగుకు అడ్డంగా గోడ లేచిందంటే కట్టకు రోజులు దగ్గరపడ్డట్టే.

నదీం కాలనీ లాంటి చోట్ల కథ వేరు. అక్కడ చెరువు తెగలేదు. కాలనీయే చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే నేలలో ఉంది. నీరు తన చోటికి తను వచ్చి వారాల తరబడి ఉండిపోయింది. మోటార్లు పెట్టి తోడినా, తోడిన నీరు పోవడానికి పల్లం ఉండాలి కదా.

కొత్తిల్లు_2021
మూసీ_గట్టు గారూ, ప్లాటు కొనే ముందు ఇది చూసుకోవడం ఎలా? ఎఫ్‌టీఎల్, బఫర్ అంటారు, కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

మూసీ_గట్టు
ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఆగే గీత. దాని లోపల ఏ కట్టడానికీ అనుమతి రాదు. దాని బయట ఖాళీగా వదలాల్సిన అంచు బఫర్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంటకు 9 మీటర్లు. 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగు, నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. హెచ్ఎండీఏ చెరువుల విభాగం వెబ్‌సైట్‌లో చెరువు పేరు, గ్రామం, మండలం పెట్టి వెతికితే మ్యాపు దొరుకుతుంది. ఆ మ్యాపులో సర్వే నంబర్లు ఉంటాయి. మీ దస్తావేజులో ఉన్న సర్వే నంబరుతో పోల్చుకోండి. మ్యాపు మీద 'ప్రాథమిక' అని ఉందా 'తుది' అని ఉందా చూడండి. ప్రాథమికమైతే గీత జరిగే అవకాశం ఉంది.

వేసవిలో వెళ్లి "ఇక్కడ నీళ్లేం లేవు" అనుకోవద్దు. 2020కి ముందు కొన్నేళ్లు చాలా చెరువులు నిండనే లేదు, మోసపోయింది అక్కడే.

ఫైలు_నంబరు
వరద సాయం 10 వేల రూపాయల వరుస కూడా నమోదు చేద్దాం. ఇదే అందరూ తప్పు చెప్పేది.

అక్టోబరు 19న ముఖ్యమంత్రి 550 కోట్లు ప్రకటించారు. ముంపు ఇంటికి 10 వేలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్న ఇంటికి 50 వేలు. మర్నాటి నుంచే బృందాలు ఇంటింటికీ తిరిగి చేతికి నగదు ఇచ్చాయి. నెలాఖరుకు ఆపేశారు. అందనివాళ్లు రోడ్డెక్కితే నవంబరు మధ్యలో మీసేవలో దరఖాస్తు పెట్టారు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఇంటి నంబరు ఇస్తే ఖాతాలోకి డబ్బు. మీసేవ కేంద్రాల ముందు కిలోమీటర్ల క్యూలు. నవంబరు 18న ఎన్నికల సంఘం కోడ్ పేరుతో ఆపించింది. ఎన్నిక అయ్యాక డిసెంబరు 7న జనం మళ్లీ మీసేవకు పోతే, రానక్కర్లేదు, బృందాలే వచ్చి పరిశీలిస్తాయని బల్దియా (జీహెచ్ఎంసీ) చెప్పింది.

ఎక్కడ చెడింది? నగదు పంపకానికి ముందు ముంపు ఇళ్ల జాబితా లేదు. ఒకే ఇంటి నంబరు మీద మూడు వాటాలుంటే ఒకరికే అందింది. కింద వాటాలో అద్దెకున్నవాళ్ల సామాన్లు తడిస్తే, పైన ఉన్న యజమాని సంతకం పెట్టి తీసుకున్న చోట్లూ ఉన్నాయి. చేతికి నగదు ఇచ్చినప్పుడు మధ్యలో కోత పడిందన్న ఫిర్యాదులు ఊరంతా వినిపించాయి. రెండో విడతలో ఖాతాకు మార్చింది అందుకే, కానీ అక్కడ తనిఖీ బలహీనం. ముంపు లేని బస్తీల నుంచి కూడా దరఖాస్తులు పోయాయి.

వార్డు150
కోట్: "నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపించింది"
దీనికి ఒక చేర్పు, ఎన్నిక అంత త్వరగా ఎలా వచ్చిందన్నది. అక్టోబరు 13న, సరిగ్గా వాన దంచికొడుతున్న రోజే, శాసనసభ ప్రత్యేకంగా కూర్చుని జీహెచ్ఎంసీ చట్ట సవరణ ఆమోదించింది. 14న మండలి. మహిళలకు 50 శాతం స్థానాలు చట్టంలోకి ఎక్కాయి. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. వార్డు రిజర్వేషన్ ఒకసారి ఖరారైతే రెండు దఫాలు అదే కొనసాగుతుంది. 2016లో ఉన్న రిజర్వేషన్లే 2020లోనూ ఎలా వచ్చాయని అడిగేవాళ్లకు జవాబు ఈ సవరణే. కొత్తగా రొటేషన్ చేయాల్సి వస్తే ఎన్నిక డిసెంబరులో అయ్యేది కాదు.

పిటిన్_పంతులు
ఇంటి పన్ను. ఆ ఏడాది రెండు వేర్వేరు రాయితీలు వచ్చాయి. జనం రెంటినీ కలిపి గందరగోళం చేసుకున్నారు.

మొదటిది పాత బకాయిల మీద వడ్డీ మాఫీ. ఆగస్టు 1న మొదలైంది, సెప్టెంబరు 15 అన్న గడువు పొడిగిస్తూ పోయి నవంబరు 15 దాకా వెళ్లింది. అసలు మొత్తం ఒకేసారి కట్టాలి, వడ్డీలో 10 శాతం కడితే మిగతా 90 శాతం పోతుంది. ఉదాహరణకి అసలు 20,000, వడ్డీ 12,000 ఉందనుకోండి. కట్టాల్సింది 20,000 + 1,200 = 21,200. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ కాబట్టి నాలుగేళ్లు వదిలేస్తే వడ్డీయే అసలుకు దగ్గరపడుతుంది.

రెండోది నవంబరు 14న, దీపావళి రోజున ప్రకటించింది. 2020–21 ఒక్క ఏడాదికి, జీహెచ్ఎంసీలో 15,000 రూపాయల వరకు పన్ను ఉన్న ఇళ్లకు సగం తగ్గింపు. మిగతా మున్సిపాలిటీల్లో పరిమితి 10,000. అప్పటికే ఏప్రిల్–మేలో ఎర్లీ బర్డ్ (ముందే కడితే ఇచ్చే) 5 శాతం రాయితీతో మొత్తం కట్టేసినవాళ్ల సంగతేమిటి? వాళ్లకు డబ్బు వెనక్కి రాలేదు, తర్వాతి ఏడాది డిమాండ్‌లో సర్దుబాటు చేశారు. ఇది నివాస గృహాలకే. ఇంట్లో ఒక మడిగె (దుకాణం గది) ఉండి మిశ్రమంగా నమోదై ఉంటే ఆన్‌లైన్‌లో రాయితీ కనబడదు.

సరే, మూలం తెలిస్తే బిల్లు సరిగ్గా ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. నివాసానికి: ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం) × చదరపు అడుగుకు నెల అద్దె = నెలసరి అద్దె విలువ. దాన్ని 12తో గుణించాలి, తరుగుదల 10 శాతం తీసేయాలి, శ్లాబు శాతం వేయాలి, దానిపై గ్రంథాలయ సెస్ 8 శాతం కలపాలి. శ్లాబు నెలసరి విలువను బట్టి 17 నుంచి 30 శాతం. నెలకు 300 దాటితే 30 శాతమే, అంటే ఈ రోజుల్లో దాదాపు అందరిదీ 30.

1,000 చదరపు అడుగులు, రేటు 1.25 అనుకోండి. నెలకు 1,250. ఏడాదికి 15,000. తరుగుదల పోను 13,500. అందులో 30 శాతం 4,050. సెస్ 324. మొత్తం 4,374. ఇందులో సగం ఆ ఏడాది తగ్గింది. మీ బిల్లు దీనికి చాలా దూరంగా ఉంటే ముందు చూడాల్సింది ప్లింత్ ఏరియా. పార్కింగ్‌ను కూడా కలిపి కొలిచి ఉంటారు, లేకపోతే ఎప్పుడో పడగొట్టిన రేకుల షెడ్డు ఇంకా రికార్డులో ఉంటుంది.

బోరబండ_బస్తీ
పంతులు గారూ, బస్తీలల్ల 101 రూపాయల పన్ను అంటరు గదా, అది వేరే లెక్కనా?

పిటిన్_పంతులు
వేరే. ఏడాది పన్ను 1,200 వరకు ఉన్న ఇంటికి నామమాత్రంగా 101 రూపాయలు వసూలు చేస్తారు. 2020 దీపావళి రాయితీకి దీనితో సంబంధం లేదు, అంతకుముందు నుంచీ ఉంది. నూటొక్క రూపాయే కదా అని కట్టకుండా వదిలేయొద్దు. బకాయి లేని రసీదు పేరు మార్పిడికి, బ్యాంకు పనికి కావాలి.

లేఅవుట్_లెక్క
ఎల్ఆర్ఎస్ నాకు వదిలేయండి.

అసలు దెబ్బ జీవో 131 కాదు, దానికి ముందొచ్చిన ఆగస్టు 26 ఉత్తర్వు. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆ రోజుతో ఆగింది. ఐదు రోజులకు, ఆగస్టు 31న, జీవో 131తో దారి చూపించారు. కటాఫ్ మళ్లీ అదే ఆగస్టు 26. ఆ నాటికి ప్లాటు రిజిస్టరై ఉండాలి. లేఅవుట్ యజమాని దరఖాస్తు చేయాలంటే కనీసం 10 శాతం ప్లాట్లు ఆ నాటికి అమ్మి ఉండాలి. రుసుము ప్లాటుకు 1,000, లేఅవుట్‌కు 10,000. గడువు అక్టోబరు 15, తర్వాత 31 వరకు పెంచారు. రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు.

మొదటి జీవోలో చార్జీలు భారీగా ఉన్నాయని సభలో గొడవయ్యాక సెప్టెంబరు మధ్యలో జీవో 135తో తగ్గించారు. లెక్క ఇలా:

మొదట విస్తీర్ణం. 100 చదరపు మీటర్ల వరకు మీటరుకు 200, 300 వరకు 400, 500 వరకు 600, ఆపైన 750. ఇది మూల చార్జీ. ఇందులో ఎంత శాతం కట్టాలన్నది గజం విలువను బట్టి: 3,000 లోపు 20 శాతం, 5,000 వరకు 30, 10,000 వరకు 40, 20,000 వరకు 50, 30,000 వరకు 60, 50,000 వరకు 80, ఆపైన నూటికి నూరు. జీవో 135 మార్చింది ప్రధానంగా ఇక్కడే. ప్లాటు కొన్ననాటి రిజిస్ట్రేషన్ విలువను బట్టి శాతం తీసుకోమంది.

200 గజాల ప్లాటు, గజం విలువ 4,000. 200 గజాలంటే 167.2 చదరపు మీటర్లు. మీటరుకు 400 చొప్పున 66,880. అందులో 30 శాతం 20,064. ఇక్కడితో ఆగితే ఎవరికీ బాధ లేదు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనం. విలువ అదే అనుకుంటే 8 లక్షల్లో 14 శాతం, 1,12,000. మొత్తం 1,32,064. ఇరవై వేలు అనుకుని దరఖాస్తు చేసినవాళ్లు లక్షన్నర దగ్గర బిల్లు చూసి కంగుతినేది ఈ 14 శాతం వల్లే. కొనేముందే లేఅవుట్ నక్షాలో పార్కు ఉందా, నేల మీద కూడా ఉందా చూసుకోవాలి.

చెరువు ఎఫ్‌టీఎల్‌లో, నాలా మీద, ప్రభుత్వ భూమిలో ఉన్నవి ఎంత కట్టినా క్రమబద్ధం కావు. పైన మూసీ_గట్టు గారు చెప్పిన మ్యాపు ముందు చూడమనేది అందుకే. దరఖాస్తు రుసుము కట్టిన రసీదు క్రమబద్ధీకరణ పత్రం కాదు. ఆ రసీదు చూపించి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

డిసెంబరు 29న ఇంకో ఉత్తర్వు వచ్చింది: అంతకుముందు ఒకసారైనా రిజిస్టరైన ప్లాటు మళ్లీ చేతులు మారొచ్చు. అంటే నాలుగు నెలల స్తంభన. ఆ దరఖాస్తుల కుప్ప మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండి, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చేదాకా పెద్దగా కదల్లేదు.

చిక్కడపల్లి_రీడర్
స్తంభన ప్లాట్లకే కాదు. ఇళ్లు, ఫ్లాట్లు కూడా ఆగాయి. ధరణి కోసం సెప్టెంబరు 8న అన్ని రిజిస్ట్రేషన్లూ ఆపారు. అక్టోబరు 29న మొదలైంది సాగు భూములకే. వ్యవసాయేతర ఆస్తులకు డిసెంబరు 11న స్లాట్ బుకింగ్, 14న రిజిస్ట్రేషన్లు. మూడు నెలల పైన. ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య తప్పనిసరి అన్నారు, ఆధార్ వివరాలు అడిగారు. ఆధార్ అడగొద్దని హైకోర్టు గట్టిగా చెప్పడంతో 21 నుంచి పాత కార్డ్ (కంప్యూటర్ రిజిస్ట్రేషన్) పద్ధతికే తిరిగొచ్చారు. మూడు నెలలు ఆపి తెచ్చినది వారం నడిచింది.

నక్షా_మేస్త్రి
బీపాస్ మాత్రం నిలబడింది. నవంబరు 16న మొదలు. 75 గజాల లోపు, ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి. ఆపైన 21 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే ఇచ్చినట్టే లెక్క.

తక్షణ అనుమతి అనగానే పని అయిపోయిందనుకుంటారు. తనిఖీ తర్వాత ఉంటుంది. రోడ్డు వెడల్పు తప్పు చూపించడం, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) తగ్గించడం, మాస్టర్ ప్లాన్ రోడ్డులో పోయే జాగా దాచడం, ఎక్కువగా రద్దయ్యేవి ఈ మూడిటికే. అబద్ధపు ధ్రువీకరణ తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం చట్టంలోనే ఉంది. సంతకం మీది, ఆర్కిటెక్టుది కాదు. రోడ్డును మీరే టేపు పెట్టి రెండు మూడు చోట్ల కొలవండి.

బ్యాలెట్_పెట్టె
ఇక ఎన్నిక. షెడ్యూలు చూడండి: 17 నోటిఫికేషన్, 18 నుంచి 20 నామినేషన్లు, 21 పరిశీలన, 22 ఉపసంహరణ, డిసెంబరు 1 పోలింగ్. రెండు వారాలు. 150 వార్డులు, 1,122 మంది అభ్యర్థులు, 9,101 పోలింగ్ కేంద్రాలు, 74 లక్షలకు పైగా ఓటర్లు. ఖర్చు పరిమితి 5 లక్షలు. కరోనా కారణంగా ఈవీఎంలు పక్కనపెట్టి బ్యాలెట్ పేపర్ వాడారు. పోలింగ్ 46.55 శాతం. 2016లో 45.29.

కాగితం వాడితే ఏమవుతుందో రెండు వార్డులు చూపించాయి.

ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి–కొడవలికి బదులు సీపీఎం గుర్తు సుత్తి–కొడవలి–నక్షత్రం అచ్చయింది. పోలింగ్ మొదలయ్యాక గాని బయటపడలేదు. వార్డు మొత్తం పోలింగ్ రద్దు, 3న రీపోలింగ్. ఎగ్జిట్ పోల్స్ 3 సాయంత్రం దాకా ఆగింది కూడా దీనివల్లే.

నేరేడ్‌మెట్‌ది ఇంకా చిత్రం. ఓటరు చేతికివ్వాల్సింది స్వస్తిక్ ముద్ర. కొన్ని కేంద్రాల్లో సిబ్బంది దాని బదులు పోలింగ్ కేంద్రం గుర్తుకు వాడే రబ్బరు ముద్ర ఇచ్చారు. లెక్కింపుకు ముందు రాత్రి ఎన్నికల సంఘం అలాంటి ఓట్లూ చెల్లుతాయని సర్క్యులర్ ఇచ్చింది. 4 ఉదయమే హైకోర్టు దాన్ని నిలిపేసింది. వివాద ఓట్ల కన్నా ఆధిక్యం తక్కువుంటే ఫలితం ఆపాలి. నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం 504, వివాద ఓట్లు 544. ఆగింది. కోర్టు అనుమతితో 9న లెక్కపెడితే టీఆర్ఎస్ 782తో గెలిచింది. 55 ఉన్నది 56 అయింది అలా. బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. 2016లో టీఆర్ఎస్ 99, బీజేపీ 4. ఓట్ల శాతంలో మొదటి రెండు పార్టీలకూ తేడా అర శాతం కూడా లేదు.

లెక్కింపు ఆలస్యమైందని ఆ రోజు టీవీల్లో విసుగు. పద్ధతి తెలిస్తే విసుగుండదు. ముందు పోస్టల్ ఓట్లు. తర్వాత పెట్టెలు తెరిచి, ఎవరికి పడ్డాయో చూడకుండా 25 చొప్పున కట్టలు కట్టాలి, పెట్టెలో ఉన్న సంఖ్య పోలింగ్ రోజు రాసిన సంఖ్యతో కలవాలి. అప్పుడు టేబుల్‌కు 40 కట్టలు, అంటే వెయ్యి ఓట్లు. హాలుకు 14 టేబుళ్లు కాబట్టి రౌండుకు 14 వేలు. చాలా వార్డులు రెండు మూడు రౌండ్లలో ముగిశాయి. సగం రోజు పోయింది కట్టలకే.

ఫైలు_నంబరు
నవంబరు ఒక్కటి విడిగా తీసి చూడండి. 7న జీడిమెట్ల భవన వ్యర్థాల ప్లాంటు. 10న జవహర్‌నగర్ చెత్త నుంచి విద్యుత్తు, 19.8 మెగావాట్లు. 14న పన్ను రాయితీ, అదే రోజు పారిశుధ్య కార్మికుల జీతం 14,500 నుంచి 17,500కి. 16న బీపాస్. 17న కోడ్. ప్రారంభోత్సవాల తేదీల్ని ఎన్నికల సంఘం క్యాలెండరే నిర్ణయించింది అంటే అతిశయోక్తి కాదు.

నక్షా_మేస్త్రి
అన్నా, కొంచెం ఆగండి. జవహర్‌నగర్ ప్లాంటు రెండు వారాల్లో కట్టేది కాదు. ఏళ్ల పని అప్పటికి పూర్తయింది. రిబ్బను తేదీ రాజకీయం అనండి, ఒప్పుకుంటా. పనిని కూడా అందులో కలపొద్దు. దుర్గం చెరువు వంతెన చూడండి: 184 కోట్లు, మధ్య స్పాన్ 233.85 మీటర్లు, 56 తీగలు. సెప్టెంబరులోనే తెరిచారు.

ఫైలు_నంబరు
అదే నేనన్నది కూడా. తేదీ గురించే.

జలమండలి_బిల్లు
ఉచిత నీళ్ల మీద ఒక్క ముక్క. నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్నది ఎన్నికల హామీ. ప్రారంభం 2021 జనవరి 12న, వర్తింపు మాత్రం 2020 డిసెంబరు వాడకం నుంచి. అందుకే 2020 జాబితాలోనూ ఉండాలి, 2021లోనూ ఉండాలి. షరతులు రెండు: పనిచేసే మీటరు, క్యాన్ నంబరుకు (నల్లా కనెక్షన్ నంబరు) ఆధార్ అనుసంధానం. గుర్తించిన మురికివాడలకు మీటరు షరతు లేదు. అపార్ట్‌మెంటుకు ఒకే కనెక్షన్ ఉంటే ఫ్లాటుకు 20 వేల చొప్పున: పది ఫ్లాట్లకు 2 లక్షల లీటర్లు. కానీ ఆరుగురే ఆధార్ ఇస్తే లక్షా ఇరవై వేలకే రాయితీ, మిగతా బిల్లు సంఘం నెత్తిన. అపార్ట్‌మెంట్లలో గొడవలన్నీ ఇక్కడే పుట్టాయి. అద్దెకిచ్చి విదేశాల్లో ఉన్న యజమానుల ఫ్లాట్లే చివరిదాకా మిగిలిపోయేవి.

చిక్కడపల్లి_రీడర్
కరోనా తేదీలు కూడా పెడదాం, మళ్లీ ఎవరూ వెతుక్కోకుండా. గాంధీ ఆసుపత్రిని మొత్తం కరోనాకే కేటాయించారు. గచ్చిబౌలి క్రీడా గ్రామంలోని బహుళ అంతస్తుల భవనాన్ని ఏప్రిల్‌లో 1,500 పడకల టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. తెల్ల కార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500. కార్డు లేని వలస కార్మికులకు 12 కిలోలు, 500. మెట్రో మార్చి 22న ఆగి సెప్టెంబరు 7న మియాపూర్–ఎల్బీనగర్, 8న నాగోల్–రాయదుర్గం, 9న మూడు మార్గాలూ తిరిగి నడిచాయి. సిటీ బస్సులు సెప్టెంబరు 25న, నాలుగో వంతే. జనవరి–ఫిబ్రవరి నుమాయిష్ జరిగింది, ఆషాఢ బోనాలు ఇళ్లలోనే, ఖైరతాబాద్ గణపతి తొమ్మిది అడుగులే.

కొత్తిల్లు_2021
డిసెంబరు 4న ఫలితాలొస్తే మేయర్ ఎన్నిక ఫిబ్రవరి దాకా ఎందుకు ఆగింది? ఆ రెండు నెలలు కార్పొరేటర్ ఎవరు?

బ్యాలెట్_పెట్టె
పాతవాళ్లే. పాత పాలకమండలి గడువు 2021 ఫిబ్రవరి 10. గడువుకు మూడు నెలల ముందు నుంచి ఎన్నిక పెట్టుకోవచ్చు, కానీ కొత్త మండలి కూర్చోవాలంటే పాతది దిగిపోవాలి. కాబట్టి ఆ మధ్య కాలంలో ఓడిపోయిన కార్పొరేటర్‌కు అధికారం ఉంది, గెలిచినవాళ్లకు లేదు. వరద సాయం ఫిర్యాదులు ఎవరికి ఇవ్వాలో జనానికి తెలియకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఫిబ్రవరి 11న ఉదయం ప్రమాణాలు, ఆ తర్వాత మేయర్ ఎన్నిక. రహస్య ఓటు కాదు, చేతులెత్తడమే. 150 మందితో పాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా నమోదైన ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకూ ఓటుంది. 56 సీట్లున్న పార్టీకి మేయర్ పదవి ఎలా దక్కిందంటే ఈ ఎక్స్ అఫీషియో బలం, మజ్లిస్ మద్దతు. గద్వాల విజయలక్ష్మి మేయర్, మోతె శ్రీలత డిప్యూటీ మేయర్.

వార్డు150
పై వరుసలో మార్పులు చేర్చి, ప్రతి అంశానికీ మూడు గళ్లు పెడుతున్నా: ప్రకటన, ఉత్తర్వు, అమలు. ఉచిత నీళ్లు రెండు ఏళ్లలోనూ వేశాను. సచివాలయం దగ్గర కూల్చివేతపై జూన్ 29 హైకోర్టు తీర్పు, జులై 17 సుప్రీంకోర్టు తిరస్కరణ కలిపాను. నాలాల అభివృద్ధి పథకం ఎస్ఎన్‌డీపీ 985.45 కోట్లు 2021లోకి వెళ్తుంది, ఇక్కడ వేయడం లేదు. ఆ చర్చ వేరే మొదలుపెట్టండి మూసీ_గట్టు గారూ.